కంటిలో సూదిమందు: తరువాతి వారము



మన వార్షికసభలలో విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఉపన్యసించుట వాడుక. నేను నేఁడు కంటిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. మధుమేహ మెఱుఁగని కుటుంబము తమదని చెప్పఁగలవారు ఈ సభలో ఎందఱున్నారో చేతు లెత్తి చూపుఁడు!

ఆ వ్యాధి ముదిరినప్పుడు నేత్రపటలమునందలి సన్నని రక్తనాళములు స్రవించి చూపు మసకబాఱును. దీనికి నేటి వైద్యులు బెవాసిజుమాబు, రానిబిజుమాబు, అఫ్లిబర్‌సెప్టు మొదలగు మందులను సూదితో కంటిలోపలికే ఎక్కించుచున్నారు. నల్లగ్రుడ్డు అంచునకు 3.5 నుండి 4 మిల్లీమీటర్ల యెడమున సూది దిగును. మందు సాధారణముగా 0.05 మిల్లీలీటరు మాత్రమే. అయినను ఒక్కసారితో తీరునది కాదు, పెక్కుమాఱులు వేయింపవలసియుండును. "కంటిలో సూదియా!" యని బెదరి మానుకొన్నవారు ఉన్న చూపును పోఁగొట్టుకొందురు. కావున నా మాటలు విని ఎవ్వరును సూది మానవలదు.

భయపడఁదగినది సూది కాదు, దానితో లోపలికిఁ బోఁగల సూక్ష్మజీవి. కంటిగోళము నిండ గ్రుడ్డు తెల్లసొనవంటి పదార్థ మున్నది. దానిని కాచాభద్రవ మందురు. అందు రక్తనాళములు లేవు. శరీరమునకు కావలి కాయు రక్తకణములు అచ్చటికి వెంటనే చేరలేవు. నోట మ్రింగిన మందును చాలినంతగా చేరదు. చొచ్చిన క్రిమి నిశ్చింతగా పెరుఁగును. ఇది రెండు మూఁడు వేల సూదులకు ఒకటియన్నంత అరుదు. వచ్చిన కంటికి మాత్రము దినముల లెక్కలో చూపు పోవచ్చును.

ఆ క్రిమి తఱచుగా మన కనుఱెప్పల మీఁదనే కాపురముండును. అందువలన నివారణమంతయు సూది గ్రుచ్చుటకు ముందే జరుగవలెను. అందు ప్రధానము 5 శాతపు పోవిడోన్ అయోడిను. అది కంటిపై కొంత సేపు నిలువవలెను; చుక్క వేసిన తక్షణమే సూది గ్రుచ్చిన ఫలము తగ్గును. అది మండును. మన పెద్దలు కొందఱు "ఆ మంటమందు వలదు నాయనా" యని వైద్యుని బతిమాలుదురు. రొయ్యలు పడవు గనుక అయోడినును పడదని చెప్పువారును కలరు. సముద్రతీరవాసులము గనుక ఈ మాట మనలో వినఁబడుటలో వింత లేదు. కాని రొయ్యలు పడకుండుటకు కారణము వానిలోని మాంసకృత్తు, అయోడిను కాదు. ఈ సాకుతో ఆ చుక్కను తప్పించుకొనువాఁడు తన కావలివానిని తానే పంపివేసినట్లు.

సూది పిదప క్రిమినాశకపు చుక్కలు వ్రాసి యిమ్మని నిర్బంధించుటయు తగదు. అవి యీ వ్యాధిని తగ్గించినట్లు ఋజువు కాలేదు. మాటిమాటికి వాడిన, మందునకు లొంగని క్రిములు బలియును. కనుఱెప్ప వాచినను, కంట పుసి కట్టినను ముందే వైద్యునకుఁ జెప్పి, ఆనాఁటికి సూది వాయిదా వేయించుకొనుట మేలు.

సుశ్రుతుఁడు నేత్రరోగములు 76 అని గణించెను. కంటి శస్త్రము పిమ్మట రోగి తుమ్ము, దగ్గు, ఉమ్ము మానవలెననెను. అది కంటికి కుదుపు తగులకుండుటకని తోఁచును. నేఁడు సూదివేళ వైద్యుఁడు ముఖమునకు గుడ్డ కట్టుటకును, రోగి మౌనము వహించుటకును కారణము వేఱు: నోటితుంపరలలోని స్ట్రెప్టోకాకసు క్రిమి కంటికి మిక్కిలి క్రూరము.

శుభ్రత యెల్ల రోగిచేతిలో లేదనుటయు నిజమే. 2016లో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లమునకు శస్త్రచికిత్స పొందినవారిలో 13 మందికి కన్ను చెడెను. కంటికి వాడిన ద్రవమునందే క్లెబ్సియెల్లా క్రిమి యున్నట్లు పరీక్షలలోఁ దేలినది. బెవాసిజుమాబు సీసా యొకటి పలువురకు పంచఁబడును. ఆ పంపకము శుద్ధమైన చోట జరిగినదా యని అడుగుట అమర్యాద కాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట మన పని యున్నది. మొదటిదినము కొంచెము గరగర, తెల్లగ్రుడ్డుపై ఎఱ్ఱని మచ్చ సహజములు. మఱునాఁటినుండి తగ్గవలసిన నొప్పి పెరిగినను, వెలుతురు చూడలేకపోయినను, చూపు మఱింత మసకలైనను, అది సాధారణముగా మొదటి వారములోఁ గనఁబడు ఆపద. అప్పుడు చనుఁబాలు పిండుట, ఆకుపసరు పోయుట, "రేపు చూతము" అనుట, మూఁడును సమానదోషములు. వైద్యుఁడు కంటిలోని ద్రవమును కొంత తీసి పరీక్షించి, వాంకోమైసిన్, సెఫ్టాజిడీమ్ వంటి మందులను కంటిలోనికే యెక్కించును. ఇందు గంటలు లెక్కకు వచ్చును.

చిక్కంతయు ఇచ్చటనే. మనవారు సూదికై పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికో, తాడిగడపలోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థకో పోవుదురు. మొదటి ప్రయాణమునకు కొడుకులు సెలవు పెట్టుదురు. నాలుగవనాఁటి రాత్రి లంకగ్రామమున ఒంటరిగా నున్న ముసలమ్మకు కన్ను సలిపిన, ఆమె "పిల్లలకు శ్రమ యేల" యని తెల్లవాఱుదాఁక, ఒక్కొక్కప్పుడు ఆదివారము దాఁక, ఓర్చుకొనును.

దాతలు మన సంఘము ద్వారా కంటద్దములు పంచుచున్నారు; సంతోషము. ఆ నిధిలో కొంత వేఱుపఱచి, సూది పడిన వారములోపల మఱల ఆసుపత్రికిఁ బోవువారి కారుబాడుగ, ప్రశ్నలు లేకుండ, చెల్లింప తీర్మానింపవలెనని నా ప్రార్థన. రాత్రివేళనైనను పిలువఁదగిన ఇద్దఱు యువకుల ఫోను నంబరులను సంఘపు క్యాలెండరులో ప్రతి నెల పుటమీఁదను పెద్ద అక్షరములతో అచ్చువేయింపుఁడు. చూపు తగ్గినవారు చదువవలసినవి గదా.