కుక్కను వదిలి కన్యాకుమారి వెళ్ళినప్పుడు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కుటుంబ విహారయాత్రలు" అన్న విషయం మీద ఓ పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. యాత్రల సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? చార్‌ధామ్ వెళ్ళొచ్చినవారు ముందు వరసలోనే ముగ్గురు కూర్చున్నారు. అందుకని మనం ఊరెళ్ళినప్పుడు ఇంటి దగ్గర వదిలి వెళ్ళేవాటి గురించి చెబుతాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట కూడా ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

మొదట ఒక ప్రశ్న. ఈ సభలో పోస్టుమ్యాన్లుగా చేసినవారిలో కుక్క కరవనివారు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) చూశారా, రెండే చేతులు. నేను సబ్ పోస్టుమాస్టరుగా ఉన్న రోజుల్లో కుక్క కాటుకు సెలవు అర్జీలు ఎన్ని తీసుకున్నానో లెక్కలేదు. "మీరు నెమ్మదిగా గేటు తీయాలండీ" అని పోస్టుమ్యాన్లకే ఉపదేశాలు చేసేవాణ్ణి. అలాంటి నేనే కుక్కను పెంచాను.

మాది వనస్థలిపురం. 1988లో ఇల్లు కట్టుకుని వెళ్ళాం. అప్పట్లో అది ఊరూ కాదు, పట్నమూ కాదు. విజయవాడ రోడ్డు దిగి లోపలికి నడిస్తే సగం ప్లాట్లలో ముళ్ళకంపలే. అటు పక్క జింకల పార్కు. నీళ్ళు ట్యాంకర్లో వస్తే బిందెలు వరసలో పెట్టి ఎవరి బిందె ఎక్కడుందో పక్కింటివాళ్ళకు చెప్పి ఆఫీసుకు పోయేవాళ్ళం. 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ మహానగరంలో కలిసింది. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. ఇప్పుడక్కడ ప్లాటు ధర అడిగితే కళ్ళు తిరుగుతాయి. కానీ ఆ మొదటి పదేళ్ళలో ఒకరి అవసరం ఒకరికి లేని ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు.

కుక్క పేరు జిమ్మీ. జాతి కుక్కేమీ కాదు. ఖాళీ ప్లాటులో వర్షానికి తడుస్తుంటే మా పెద్దవాడు చొక్కాలో చుట్టి తెచ్చాడు. మా ఆవిడ మూడు రోజులు వద్దంది. నాలుగో రోజు దానికి పెరుగన్నం కలుపుతోంది.

పక్కింట్లో ఒక మాస్టారు ఉండేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. వాళ్ళావిడ తెల్లవారుజామునే లేచి వాకిట్లో పెద్ద ముగ్గు పెట్టేది. మా జిమ్మీకి సరిగ్గా ఆ ముగ్గు మధ్యలోనే పని గుర్తొచ్చేది. ఒకటి రెండుసార్లు మాస్టారు మర్యాదగా చెప్పారు. మూడోసారి "కుక్కను పెంచేవాళ్ళకు కట్టేయడం కూడా తెలియాలి" అన్నారు. నేనూ ఏదో అన్నాను. ఏమన్నానో ఇక్కడ చెప్పను. ఆ తర్వాత ఎనిమిది నెలలు మాకు మాటల్లేవు. రెండిళ్ళ మధ్య నాలుగడుగుల గోడ. ఇటు నేను పేపరు చదువుకునేవాణ్ణి, అటు ఆయన చదువుకునేవారు.

1996 వేసవిలో ఎల్టీసీ మీద కన్యాకుమారి వెళదామనుకున్నాం. మీకందరికీ తెలిసిందే: సొంతూరికి రెండేళ్ళకోసారి, దేశంలో ఎక్కడికైనా నాలుగేళ్ళకోసారి. 94-97 బ్లాకు అయిపోవస్తోంది. పిల్లలు పెద్ద క్లాసులకు వచ్చేశారంటే ఇక కుదరదని మా ఆవిడ పట్టుబట్టింది. మద్రాసు, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి. పోనూ రానూ పదిహేను రోజులు.

మరి కుక్కో? రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్టు క్లాసులో కూపే మొత్తం మనమే తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలో ఉండే కుక్కల గూట్లో వేసి పంపాలి. మన అర్హత సెకండ్ క్లాసు స్లీపరు. మే నెల ఎండలో ఆ ఇనుప గూట్లో వేయడానికి పిల్లలు ఒప్పుకోలేదు. అందుకని వీధి చివర ఇస్త్రీ బండి నడిపే ఆవిడ కొడుకును కుదిర్చాను. పదేళ్ళ పిల్లవాడు. పొద్దున, సాయంత్రం అన్నం పెట్టి నీళ్ళు పోస్తే వందరూపాయలు. గేటు తాళంచెవి వాళ్ళ చేతికిచ్చి, జిమ్మీని వరండా ముందు జామచెట్టుకు గొలుసుతో కట్టేసి, మే 9న బయల్దేరాం.

ఇక్కడ నేను చేసిన తప్పులు చెప్పాలి. ఆ జామచెట్టు నీడ ఉదయం చల్లగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే నీడ గోడ మీదికి పోతుంది, కుక్క ఎండలో మిగులుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దాని ఫ్యాను. దానికి నీళ్ళుండాలి, నీడుండాలి. నేను పెట్టిన గిన్నె చిన్నది, కాలు తగిలితే బోర్లాపడేది. ఇవన్నీ తెలియనివేం కావు. బయల్దేరే హడావుడిలో సూట్‌కేసు తాళాలు మూడుసార్లు చూసుకున్నాను గాని, మధ్యాహ్నం రెండింటికి నీడ ఎటు పోతుందో చూడలేదు.

మే 12, ఆదివారం. సాయంత్రం పిల్లవాడు వచ్చేసరికి గొలుసు చెట్టు మొదలుకు చుట్టుకుపోయి, కుక్క మెడ నేలకు ఆనుకుని ఉంది. గిన్నె బోర్లాపడి ఉంది. పాపం, పిల్లవాడు జాలిపడి గొలుసు విడిపించబోయాడు. భయంలో, దాహంలో ఉన్న జంతువు మెడ దగ్గరకు చెయ్యి వస్తే ఏం చేస్తుంది? ముంజేతి మీద రెండు చోట్ల గాట్లు పడ్డాయి, రక్తం వచ్చింది.

కేక విని గోడ దూకి వచ్చింది ఎవరనుకున్నారు? మాస్టారే. లుంగీ మీద ఉన్నారట. పిల్లవాడి తల్లి పరుగెత్తుకొచ్చి, అప్పట్లో అందరూ చేసినట్టే గాయానికి కారం పెట్టబోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. మా కుళాయి కిందే పిల్లవాడి చెయ్యి పెట్టి లైఫ్‌బాయ్ సబ్బుతో గడియారం చూసుకుంటూ పావుగంట కడిగారు. తర్వాత తన చేతక్ స్కూటరు మీద పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకుని, తల్లిని వెనక కూర్చోబెట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్, చాదర్‌ఘాట్ మీదుగా నారాయణగూడ తీసుకెళ్ళారు.

ఆ రోజుల్లో కుక్క కాటు ఇంజెక్షన్లంటే మీకు గుర్తుండే ఉంటుంది: బొడ్డు చుట్టూ పద్నాలుగు. గొర్రె మెదడు నుంచి తీసే ఆ మందును కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేశారు. ఎంతోమంది ప్రాణాలు కాపాడింది గాని, అరుదుగా పక్షవాతం కూడా తెచ్చేది. మన దేశంలో 2004 ఆఖరుకు దాని తయారీ ఆపేశారు. చేతికి ఐదు డోసులు వేసే కొత్తరకం మందు 1996లోనే బజారులో దొరికేది గాని, అది బయట కొనుక్కోవాలి, ఖరీదెక్కువ. మాస్టారు జేబులో డబ్బు చూసుకుని, చాలక తెలిసినవాళ్ళింటికి వెళ్ళి అప్పు తెచ్చి, ఆ ఐదు డోసుల మందే మొదలుపెట్టించారు.

డాక్టరు ఇంకో మాట చెప్పారు. కుక్కను చంపవద్దు, పది రోజులు కనిపెట్టి ఉండండి, పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే కరిచిననాటికి దానిలో ఆ జబ్బు అంటించే స్థితి లేనట్టే అని. ఇంజెక్షన్లు మాత్రం ఆగకుండా వేయించాలి. ఈయన ఇంటికి వచ్చేసరికి మా గేటు ముందు నలుగురు కుర్రాళ్ళు కర్రలతో ఉన్నారు. ఆ పిల్లవాడి తరఫున న్యాయమైన కోపమే. మాస్టారు గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారట. కుక్కంటే కిట్టని మనిషి! ఆ పది రోజులూ గిన్నెను పొడుగు కర్రతో తోస్తూ ఆయనే అన్నం, నీళ్ళు పెట్టారు. పాత గోనెపట్టా కట్టి నీడ చేశారు.

ఇదంతా మాకెప్పుడు తెలిసిందనుకున్నారు? మే 23న ఆటో దిగినప్పుడు. మాకు కబురు చేయడానికి ఆయన దగ్గర అడ్రసు లేదు. రామేశ్వరం పోస్టుమాస్టరు కేరాఫ్ అని ఒక ఉత్తరం ముక్క రాసినా, ఒక టెలిగ్రాం కొట్టినా నాకు అందేది. ఆ మార్గాలు నాకంటే బాగా ఎవరికి తెలుసు? ముప్పై ఏళ్ళు అడ్రసులు సరిగా రాయండని జనాన్ని కసిరినవాణ్ణి, నేను మాత్రం అడ్రసు ఇవ్వకుండా పోయాను. పిల్లవాడికి మే 15న రెండో ఇంజెక్షన్ వేయించారు. ఆ రోజు మేము రామేశ్వరం గుళ్ళో ఇరవై రెండు తీర్థాల స్నానాలు చేస్తూ, నీళ్ళు చల్లగా ఉన్నాయని నవ్వుకుంటున్నాం.

మాస్టారు నన్ను తిట్టలేదు. ఒక లెక్కల నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. మొదటి పేజీలో ఖర్చులు, రసీదులతో సహా. తర్వాతి పేజీల్లో పది రోజులకు పది వరసలు: తేదీ, తిన్నది, తాగినది, మొరిగినది. "ఇరవై రెండుతో పది రోజులు అయ్యాయి. కుక్క బాగానే ఉంది" అన్నారు. నేను డబ్బు ఇస్తే పైసాతో సహా లెక్కపెట్టుకుని తీసుకున్నారు. వద్దు అనలేదు. అనకపోవడమే నాకు నచ్చింది. మిగిలిన రెండు ఇంజెక్షన్లకు, మే 26న, జూన్ 9న, పిల్లవాణ్ణి నేనే తీసుకెళ్ళాను.

అప్పుడే ఆయన ఒక్క ప్రశ్న అడిగారు. "కుక్కకు ఇంజెక్షన్ వేయించారు కదా?" అని. "వేయించాంగా" అన్నాను.

అబద్ధమంటే అబద్ధం కాదు. 1995 జనవరిలో వేయించాను. ఏడాదికోసారి వేయించాలి, 96 జనవరిలో వేయించవలసింది వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ నాలుగు నెలలు జరిపాను. ఆ కార్డు బీరువాలో, తాళంలో ఉంది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాను. నేను చెబుతానన్న మాట ఇదే. మా ఆవిడకు కూడా ఇవాళ పొద్దున్నే చెప్పాను. మాస్టారు 2011లో పోయారు. పదిహేనేళ్ళు పక్కపక్కనే ఉన్నాం, రోజూ పలకరించుకున్నాం. ప్రాణ స్నేహితులమయ్యామని మాత్రం చెప్పను. ముగ్గు గొడవ మళ్ళీ ఒకసారి వచ్చింది కూడా.

ఆ నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు మా వీధికి పనికొచ్చాయి. ఎవరు ఊరెళ్ళినా అందులో రాయడం మొదలైంది: ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఏ నంబరుకు కబురు చేయాలి, తాళంచెవి ఎవరి దగ్గరుంది, గ్యాసు కట్టారా, కుక్కో పిల్లో చిలకో ఉంటే ఏం తింటుంది, ఏ మందు ఏ తేదీన వేయించారు. పాలవాడికి వద్దని చెప్పడం మరచి వెళ్ళేవారి కోసం ఒక గడి వేరే ఉండేది. అది ఎక్కువగా నా పేరుతోనే నిండేది. ఇప్పుడా పని కొంత వాట్సాప్‌లో జరుగుతోంది. నోటుపుస్తకమే మేలని నా అభిప్రాయం. వాట్సాప్‌లో శుభోదయాల మధ్య కుక్క కార్డు వెతకాలంటే తెల్లారుతుంది.

ఈ మధ్య కుక్కలను రోజు లెక్కన ఉంచుకునే చోట్లు కూడా వచ్చాయి. ఒకసారి మా ఇప్పటి కుక్క చిన్నిని అలాంటిచోట వారం ఉంచాం. శుభ్రంగానే చూశారు గాని అది సగం తిండి మానేసింది. అలవాటైన ఇంట్లో, అలవాటైన మనిషి చేతి తిండి నయమనిపించింది.

వీధికుక్కల మాటా అడుగుతారని తెలుసు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు కుక్కల దాడిలో పోయాక మా కాలనీ రెండుగా చీలింది. తిండి పెట్టేవాళ్ళు, పెట్టవద్దనేవాళ్ళు. ఆ మార్చిలోనే కేంద్రం కొత్త జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం తిండి ఎక్కడ పెట్టాలో చూసే బాధ్యత కాలనీ సంఘాల మీద కూడా ఉంది. మేము పిల్లలు ఆడని మూల ఒకటి చూశాం. చెవి కొస కత్తిరించి ఉన్న కుక్కలు ఎన్ని, లేనివి ఎన్ని అని లెక్క రాశాం. చెవి కత్తిరింపు అంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. గొడవ తీరిందని చెప్పను.

మీ మనవలకు మాత్రం ఒక్కటి చెప్పండి. కుక్క కరిచినా, గోరు గీరినా ఇంట్లో దాచవద్దని. ముందు సబ్బు, ధారగా నీళ్ళు, పావుగంట. వెంటనే ఆసుపత్రి. కండకు వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకు వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో 14వ రోజుది ఉండదు. గాయం లోతైతే దాని చుట్టూ వేరే మందు కూడా వేస్తారు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు.

ఆ ఇస్త్రీ పిల్లవాడికిప్పుడు నలభై దగ్గర పడ్డాయి. మా కాలనీలోనే దుకాణం ఉంది. బట్టలు ఇవ్వడానికి వస్తాడు. గేటు బయటే నిలబడి ఫోన్ చేస్తాడు. చిన్ని ఎవరినీ ఏమీ అనదని ఎన్నిసార్లు చెప్పినా లోపలికి రాడు. నేనే బయటికి వెళ్ళి తీసుకుంటాను.

వచ్చే నెల పదిరోజులు బెంగుళూరు, మనవరాలి దగ్గరికి వెళుతున్నాం. నోటుపుస్తకంలో రాశాను. చిన్ని కార్డు బీరువాలో లేదు, ఫ్రిజ్జు మీద అయస్కాంతంతో అంటించి ఉంది. తాళంచెవి మాస్టారి భార్య దగ్గర ఉంచుతాం. ఎనభై దాటినా ఆవిడ ఇంకా ముగ్గు పెడుతూనే ఉంది. ఈ ప్రసంగం మన సంచికలో అచ్చయితే ఒక ప్రతి ఆవిడకు ఇవ్వాలి. ఆవిడ చదివాక ఏమంటుందో నాకు తెలియదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.