"ఏ పంటకి బాబూ?" : ఎరువు బాంబుగా మారకుండా ఎక్కడ ఆపాలి

ఈసారి టాపిక్ కొంచెం సీరియస్. ముందే ఒక మాట చెప్పేస్తా. ఎరువుతో బాంబు ఎలా చేస్తారనేది ఈ వీడియోలో ఉండదు. దానికోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. నేను మాట్లాడేది దాన్ని ఎలా ఆపుతున్నారు, ఎక్కడ ఆపలేకపోయారు అనేదాని గురించి.

మా నాన్నది ఎరువుల కొట్టు. ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రంలో. ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో నేనే కౌంటర్లో కూర్చునేవాణ్ణి. ఒక రోజు మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. మట్టి అంటని బూట్లు. "అమ్మోనియం నైట్రేట్ ఉందా? ఇరవై బస్తాలు కావాలి, క్యాష్ ఇస్తా" అన్నాడు.

మీకు ఇందులో తేడా కనిపించకపోవచ్చు. కొట్లో పెరిగినవాడికి కనిపిస్తుంది. రైతు ఎప్పుడూ ఎరువుని కెమిస్ట్రీ పుస్తకంలో పేరుతో అడగడు. "ఇరవై ఇరవై ఉందా", "డీఏపీ ఎంత", "పొటాష్ ఒక కట్ట" అంటాడు. లేదంటే పోయినసారి తీసుకెళ్లిన ఖాళీ సంచి తెచ్చి చూపిస్తాడు.

నేను నోరు తెరిచేలోపే నాన్న లోపల్నుంచి వచ్చి అడిగాడు. "ఏ పంటకి బాబూ?"

"మా బావ తెమ్మన్నాడండీ."

"ఎన్ని ఎకరాలు?"

"తెలీదండీ."

"అది మేం అమ్మం. అమ్మాలంటే వేరే లైసెన్సు ఉండాలి. ఏం కావాలో మీ బావనే రమ్మను, ఆధార్ తెచ్చుకోమను" అన్నాడు నాన్న. అతను వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

క్వారీ పనివాడు అయ్యుండొచ్చు. నిజంగానే వాళ్ల బావ పంపించి ఉండొచ్చు. నాకు ఇప్పటికీ తెలీదు. అసలు నన్ను పట్టుకుంది ఆ రాత్రి ఇంట్లో జరిగిన మాట. అన్నం తింటూ నాన్న అన్నాడు, "ఎవరికైనా చెప్పాలంటావా?" ఎవరికి చెప్పాలో ఇద్దరికీ తెలీదు. మర్నాడు ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే, "కొనలేదు కదా, ఇంకేంటి?" అన్నారు. అంతే. అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

మొదట ఒక సంగతి సరిగ్గా అర్థం చేసుకోవాలి. మన రైతులు నత్రజని కోసం ఎక్కువగా వాడేది యూరియా. అమ్మోనియం నైట్రేట్ వేరు. అమెరికాలో, యూరప్‌లో దాన్ని పొలాల్లో బాగా వాడారు. మన దగ్గర అది ఎక్కువగా బొగ్గు గనులకి, గ్రానైట్ క్వారీలకి వెళ్తుంది, పేలుడు మందు తయారీకి. అంటే ఒకే పదార్థం ఒక చోట పంటకి, ఇంకో చోట రాయి పగలగొట్టడానికి. అందుకే దీన్ని పూర్తిగా బ్యాన్ చేయడం ఏ దేశానికీ తేలిక కాలేదు.

1995 ఏప్రిల్ 19న అమెరికాలో ఓక్లహోమా సిటీలో ఒక ఫెడరల్ ఆఫీసు ముందు ట్రక్కు పేలింది. 168 మంది చనిపోయారు, అందులో 19 మంది పిల్లలు. అందులో వాడిన ఎరువుని కాన్సాస్‌లో రైతుల సహకార దుకాణంలో కొన్నారు. దొంగ పేరుతో, డబ్బు కట్టి, మామూలు కస్టమర్ లాగే. ఆ రసీదు తర్వాత నిందితుల్లో ఒకడి ఇంట్లో దొరికింది. దాని మీద రెండోవాడి వేలిముద్ర ఉంది. కోర్టులో అదొక ముఖ్యమైన సాక్ష్యం అయింది. చూడండి, దుకాణంలో రాసిచ్చిన చిన్న కాగితం. కాకపోతే అది పనికొచ్చింది 168 ప్రాణాలు పోయాక.

మరి తర్వాతైనా అమెరికా గట్టిగా బిగించిందా? 2007లో అమ్మకాల మీద చట్టం చేశారు. 2011లో ముసాయిదా నిబంధనలు బయటపెట్టారు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, తుది నిబంధనలు రాలేదు. చట్టం ఉంది, అమలు చేసే కాగితం లేదు. మన దగ్గరే ఇలా అవుతుందనుకుంటాం కదా!

నార్వే కథ ఇంకా కష్టంగా ఉంటుంది. 2011 జులై 22న ఓస్లోలో కారు బాంబుతో 8 మందిని, తర్వాత ఉటోయా దీవిలో 69 మందిని ఒక్కడే చంపాడు. అతను ఎరువు కోసం ఏం చేశాడంటే, వ్యవసాయ కంపెనీ రిజిస్టర్ చేసుకుని, పొలం లీజుకి తీసుకున్నాడు. కాగితాల మీద పక్కా రైతు. అమ్మినవాళ్లు చట్టం ప్రకారమే అమ్మారు. ఇంకో విషయం. అంతకు కొన్ని నెలల ముందే, పోలండ్ నుంచి ఆన్‌లైన్‌లో కొన్న ఒక చిన్న ఆర్డర్ వల్ల అతని పేరు కస్టమ్స్ లిస్టులోకి ఎక్కింది. ఆ లిస్టు భద్రతా విభాగానికి చేరింది కూడా. కానీ దాడి జరిగేలోపు ఆ పేరు వెనక ఎవరూ వెళ్లలేదు. తర్వాత వేసిన కమిషన్ ఈ విషయాన్ని కూడా తప్పుపట్టింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఇంట్లో ఆ రాత్రి గుర్తొచ్చింది. సమాచారం ఉంది. అవతలి చివర వినేవాడు లేడు.

యూరప్‌లో ఇప్పుడు రూల్ మారింది. 2021 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గాఢత ఎక్కువున్న అమ్మోనియం నైట్రేట్‌ని మామూలు జనానికి అమ్మకూడదు. రైతులకి అమ్మొచ్చు, కానీ వాళ్లెవరో చూసుకుని అమ్మాలి. అనుమానం వస్తే దుకాణదారు 24 గంటల్లో చెప్పాలి. ఎవరికి చెప్పాలో ప్రతి దేశం ఒక ఫోన్ నంబరు పెట్టాలి. నాకు ఇందులో నచ్చింది ఆ చివరి ముక్కే.

ఇక మన సంగతి. 2011లో కేంద్రం అమ్మోనియం నైట్రేట్‌ని 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందకి తెచ్చింది. 2012లో దీనికోసమే ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. తయారీ, దిగుమతి, రవాణా, నిల్వ, అమ్మకం, అన్నిటికీ లైసెన్సు. చూసేది పెసో అనే కేంద్ర సంస్థ, హెడ్ ఆఫీసు నాగపూర్‌లో. మరుసటి ఏడాదే, 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్. రెండు సైకిళ్ల మీద పెట్టిన బాంబులు. అందులో అమ్మోనియం నైట్రేట్ వాడారని దర్యాప్తులో తేలింది. మా పెద్దమ్మ కొడుకు అప్పుడు అక్కడే కోచింగ్‌లో ఉన్నాడు. ఆ రోజు క్లాసు లేట్ అయింది కాబట్టి బయటికి రాలేదు. క్లాసు లేట్ అయిందని తిట్టుకోవడం ఆ రోజుతో మానేశానని ఇప్పటికీ అంటాడు.

అంటే రూల్ దండగా? నేనలా అనను. అంతకుముందు ఎవరు ఎంత కొన్నారో లెక్కే లేదు, ఇప్పుడు ఉంది. కానీ లెక్క రాయడం వేరు, లెక్క చూడటం వేరు. 2020 ఆగస్టు 4న బీరూట్ పోర్టులో 2,750 టన్నులు పేలి 200 మందికి పైగా చనిపోయినప్పుడు, మనవాళ్లు ఉలిక్కిపడి వెతికితే చెన్నై దగ్గర కంటైనర్లలో దాదాపు 700 టన్నులు బయటపడింది. 2015లో కస్టమ్స్ పట్టుకున్న సరుకు. ఐదేళ్లు అలాగే ఉంది. బీరూట్ తర్వాత కొద్దిరోజుల్లోనే ట్రక్కుల్లో హైదరాబాద్ దారి పట్టించారు, వేలంలో కొన్న కంపెనీకి. 2025 నవంబరులో శ్రీనగర్ పక్కన నౌగామ్ పోలీస్ స్టేషన్లో ఇంకా ఘోరం. ఫరీదాబాద్‌లో పట్టుకున్న పేలుడు సరుకుని అక్కడ పెట్టారు, శాంపిళ్లు తీస్తుండగా పేలి 9 మంది పోయారు. దుర్మార్గుల చేతిలోంచి లాక్కున్నాక కూడా ప్రమాదం తీరలేదు.

ఇక్కడ రైతు గురించి చెప్పకపోతే అన్యాయం. 2010లో అఫ్గానిస్తాన్ అమ్మోనియం నైట్రేట్ ఎరువుని నిషేధించింది, రోడ్డు పక్కన బాంబుల్లో వాడుతున్నారని. సరుకు సరిహద్దు దాటి దొంగతనంగా వస్తూనే ఉంది, ఎందుకంటే పక్కన పాకిస్తాన్‌లో అలాంటి ఎరువు తయారీ చట్టబద్ధం. ఇబ్బంది పడింది మాత్రం అలవాటైన ఎరువు పోయిన రైతు. మన దగ్గర 2018 నుంచి ఎరువు కొనాలంటే ఈ-పాస్ మెషీన్లో వేలిముద్ర వేయాలి. సబ్సిడీ లెక్క కోసం పెట్టారు దాన్ని. సీజన్లో సర్వర్ పడిపోతే మా కొట్టు ముందు లైన్లో నిలబడేది డెబ్బై ఏళ్ల తాత. పొలం పనికి వేళ్లు అరిగిపోయి మెషీన్ ఆయన ముద్ర తీసుకోదు. 45 కిలోల బస్తా కోసం నాలుగుసార్లు వేలు తుడుచుకుంటాడు. కాబట్టి "ఇంకా బిగించండి" అని ఊరికే అనేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఎవరి మీద బిగిస్తున్నారు?

మనకి చేతనైన దారి వేరే ఉంది. 2015లో యూరియా అంతటికీ వేప పూత తప్పనిసరి చేశారు. సబ్సిడీ యూరియా ఫ్యాక్టరీలకి మళ్లకుండా చూడటం అందులో ఒక ఉద్దేశం. రైతు అదనంగా ఏ కాగితమూ ఇవ్వక్కర్లేదు, సరుకులోనే మార్పు. 2013లో అమెరికాలో సాండియా ల్యాబ్ ఇంజనీరు కెవిన్ ఫ్లెమింగ్ కూడా ఇలాంటిదే ప్రకటించాడు. పంటకి పనికొస్తుంది, పేలదు, అలాంటి ఎరువు మిశ్రమం. పేటెంట్ తీసుకోకుండా అందరికీ వదిలేశారు. ఇలాంటివాటి మీద పని ఎక్కువ జరగాలని నా కోరిక. అప్పటిదాకా కౌంటర్ దగ్గరున్న మనిషే దిక్కు. పంట పేరు చెప్పలేనివాడు, ఆధార్ అంటే జారుకునేవాడు, సీజన్ కాని నెలలో బస్తాలకి బస్తాలు అడిగేవాడు. వీళ్లని మెషీన్ పట్టుకోలేదు, మా నాన్న పట్టుకుంటాడు. డీలర్ లైసెన్సు ఇచ్చేటప్పుడు ఒక అరగంట కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, ఒక నంబరు చేతిలో పెడితే చాలు. ఆయనకి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

పోయిన నెల ఊరికి వెళ్లినప్పుడు చూశాను. ఈ-పాస్ మెషీన్ పైన గోడకి ఒక అట్టముక్క అంటించి ఉంది. స్కెచ్ పెన్‌తో 112 అని పెద్దగా, దాని కింద మా ఎస్ఐ గారి నంబరు. "ఇదెప్పుడు పెట్టావ్ నాన్నా?" అంటే, "నువ్వు వీడియోలు చేస్తానంటివి కదా, నేను అట్ట పెట్టా" అన్నాడు.