ఒకే లైను మీద ఫోనూ, ఫాక్సూ



ఒకే లైను మీద ఫోనూ, ఫాక్సూ నడుస్తాయా అని మమ్మల్ని అడుగుతుంటారు. నడుస్తాయి, కాని వంతులవారీగా.

ఫాక్సు వాడకం ఇప్పుడు తగ్గింది. అయినా ఉర్దూ చదివేవాళ్ళం దాని మేలు మరచిపోలేము. 2013లో ఆగిపోయిన టెలిగ్రాంలో మన ఉర్దూను ఇంగ్లీషు అక్షరాల్లోనో, నాగరిలోనో రాయవలసి వచ్చేది. ఫాక్సులో చేతిరాత ఉన్నదున్నట్టు చేరుతుంది. 1980 నాటి గ్రూప్ 3 పద్ధతి వచ్చాక పేజీకి సుమారు ఒక నిమిషం చాలు.

గంట మోగితే, చేసింది మనిషా, యంత్రమా? పంపే ఫాక్సు అర సెకను కూత పెట్టి, మూడు సెకన్లు ఆగి, మళ్ళీ కూస్తుంది. లైనుకు తగిలించే స్విచ్చి పెట్టె ముందు తానే ఎత్తి వింటుంది. కూత వినబడితే లైనును ఫాక్సుకు కలుపుతుంది, లేదంటే ఫోను మోగిస్తుంది. పెట్టె లేనిచోట మనమే ఎత్తి, కూత వినబడితే ఫాక్సు మీద స్టార్టు మీట నొక్కాలి.

అసలు చిక్కు మనుషులతోనే. కాగితం వస్తుండగా పక్కగదిలో ఎవరైనా రిసీవరెత్తితే పేజీ చెడిపోవచ్చు. అది ఒక పిల్లవాడి మార్కుల పత్రం కావచ్చు. మనం కబుర్లలో ఉంటే ఆస్పత్రినుంచి చేసినవారికి ఎంగేజు మోతే.

కనుక ఫాక్సు నడుస్తుంటే ఫోను ముట్టవద్దు. మాట క్లుప్తంగా ముగించండి. ఈ రెండూ ఇంట్లో పిల్లలకు సైతం చెప్పి ఉంచండి.