నాటకమున మా పిల్లలు



నాటకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. పరీక్షలు దగ్గరపడుచుండగా పిల్లలకు ఈ వేషములేలయని మీలో కొందరు మమ్ము అడిగియున్నారు. ప్రశ్న న్యాయమైనదే. సిద్ధాంతములతో గాక, ఈ యేడు హరిశ్చంద్ర నాటకములోని కాశీఘట్టమును, కాటిఘట్టమును నేర్పినప్పుడు జరిగిన సంగతులతోనే మేము బదులు చెప్పుదుము.

ముందుగా మనకు చేరువైన ఒక పెద్దను స్మరింతుము. బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించెను. బళ్లారిలో న్యాయవాదిగా పేరుగాంచి, తెలుగున, కన్నడమున, ఇంగ్లీషున గూడ నటించెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, ఆ మాటను ఆచరణలో పెట్టి చూపించెను. 1946లో కీర్తిశేషుడయ్యెను. ఆయనకు మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు. బళ్లారిలో సరసవినోదినీ సభను నడిపి, నాటకములు వ్రాసి ఆడించినవారు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది గాని, ఈ చరిత్ర మాత్రము ఇరుభాషలవారి ఉమ్మడి సొత్తుగనే నిలిచినది. కన్నడ నేలపై తెలుగు నాటకమాడుట ఎవరికో ఎదురు నిలుచుట కాదని మేము ధైర్యముగా చెప్పుటకు ఇదియే ఆధారము.

ఇక మన వర్తూరు సంగతి. మన తరగతులలో మూడు తెలుగులు వినవచ్చును. తరతరములుగా ఈ చెరువు చుట్టుప్రక్కల నివసించు కుటుంబములవారి పిల్లలు “చాలు” అనుటకు “సాకు” అందురు. వైట్‌ఫీల్డు వైపు కంప్యూటరు ఉద్యోగములకై వచ్చినవారి పిల్లల మాటలో సగము ఇంగ్లీషు. కట్టడముల పనికై రాయలసీమనుండి వచ్చినవారి పిల్లలు నోరు విప్పినచో మంచి జాతీయములు దొరలును గాని, ఇతరులు నవ్వుదురని వారు నోరు విప్పరు. ఈ మువ్వురును ఒకే బల్లపై ఏండ్ల తరబడి కూర్చుండియు, భోజన సమయమున వేరువేరు చెట్ల క్రిందికి పోవుచుండిరి. మేము దీనిని చూచుచునే యుంటిమి; చూచి ఊరకుంటిమి.

పాత్రలు పంచునాడు మా తప్పు మాకే తెలిసివచ్చినది. హరిశ్చంద్రునికి, చంద్రమతికి, నక్షత్రకునికి గూడ పోటీపడిరి. రాజును కొని కాటికాపరిగా నియమించు వీరబాహువు వేషమునకు మాత్రము ఒక్క చేయియు లేవలేదు. అంతట మాలో ఒకరు, పని వెదకుకొనుచు వచ్చిన ఒక కూలి కుటుంబపు బాలుని వంక చూచి, “వీడు చేయునులే” అనిరి. బాలుడు తల వంచుకొనెను. ఆ మాట అన్నవారు మా అందరిలోను మంచివారు, పిల్లలను ప్రేమించువారు. అయినను ఆ మాట వచ్చినది. ఆ సాయంకాలము మేము చాలసేపు మాటాడుకొని, మరునాడు పాత్రలన్నిటికిని చీటీలు వేసితిమి.

వీరబాహువు చీటీ వైట్‌ఫీల్డు వైపునుండి వచ్చు బాలునికి, హరిశ్చంద్రుని చీటీ వర్తూరు వాడుక మాటాడు బాలునికి వచ్చినవి. కూలివాని కుమారునికి నక్షత్రకుడు దొరికెను. నక్షత్రకుడనగా అప్పు వసూలుకై రాజును నీడవలె వెంటాడువాడు. అప్పుల బాధ తమ యింట చూచినందుననో ఏమో, ఆ బాలుడు అడుగు మాటలలో వినయము, వేధింపు రెండును ఎంత చక్కగా కలిసినవనిన, నేర్పుట మాని మేమే వింటిమి.

పద్యముల భారము మరియొక విధముగా తీరినది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకములో జాషువా కవి శ్మశాన పద్యములను నటులు చేర్చి పాడుట పరిపాటియైనది. మాలో రాగము తెలిసినవారు లేరు. ఒక బాలిక తన తాతగారిని వెంటబెట్టుకొని వచ్చినది. యౌవనమున ఊరి జాతరలలో రాత్రి తెల్లవార్లు హార్మోనియము ప్రక్కన కూర్చుండినవాడాయన. మొదటి దినమున పిల్లలు ఆయన సాగదీయు తీరునకు నవ్విరి. నాలుగవ దినమున “తాతా, మరియొకసారి” అని అడిగిరి. ఆ మనుమరాలు అంతకుమునుపు తాతగారితో కన్నడముననే మాటాడెడిదని ఆయనే మాతో చెప్పెను. ఒక నెలలో మేము చెప్పిన వ్యాకరణ పాఠములేవియు ఇంత పని చేయలేదని ఒప్పుకొనక తప్పదు.

ఒక బాధ కూడ దాచరాదు. వీరబాహువు వేషము కట్టవలసిన బాలుని తల్లి వచ్చి, “మా వాడు కాటి వేషము కట్టుట మా వారికి ఇష్టము లేదండీ” అని చెప్పెను. ఆమె గట్టిగా మాటాడలేదు. అది మరింత కష్టముగా తోచినది. చీటీ మార్చినచో ఆ వేషము తిరిగి ఎవరిమీద పడునో మాకు తెలియును. మార్చలేమని చెప్పి, మానుటయా ఆడుటయా అనునది బాలునికే విడిచితిమి. రెండు దినములు వాడు అభ్యాసమునకు రాలేదు. మూడవనాడు వచ్చి, నక్షత్రకుని ప్రక్కన కూర్చుండి, తప్పిన సంభాషణలను వానిచేత చెప్పించుకొనెను. అటుపిమ్మట వారిరువురు ఒకే చెట్టు క్రింద భోజనము చేయుట మేము చూచితిమి.

ప్రదర్శనమునాడు ఆ తల్లి రాలేదు. తండ్రి ఆలస్యముగా వచ్చి వెనుక వరుసలో నిలుచుండెను. వీరబాహువు తలపాగా రంగముపై సగము విడిపోగా, హరిశ్చంద్రుడు “ఉండుము దొరా, సాకు” అని తన యింటి మాటతోనే సర్దెను. సభ ఘొల్లుమన్నది. మేమును నవ్వితిమి, ఆ మాటను మేము దిద్దలేదు.

వచ్చు ఏటి నాటకమునకు అభ్యాసములు దీపావళి గడచిన తరువాత ప్రారంభింతుము. దినమునకు ఒక గంటకు మించి పిల్లలను ఉంచము; పరీక్షలకు ముందు నెల అసలే ఉంచము. చీటీలు తీయునాడు తల్లిదండ్రులు కూడ దయచేసి వచ్చి మాతోబాటు కూర్చుండవలెనని కోరుచున్నాము.