మన గురించి రాసిన పుస్తకాలు మనం చదవాలి



ఆమదాలవలసలో రైలెక్కితే విశాఖ ఎంతో దూరం కాదు. అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది. అలాంటి చోటికి వెళ్లినా మనం పోటీ పరీక్షల పుస్తకాల దగ్గరే ఆగిపోతున్నాం. మిగతా అరలు కూడా చూడాలి.

భాషాశాస్త్రంలో గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషా గ్రంథం అడగండి. పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే మాట నేర్చుకుని, 1931లో వెలువరించారు. కంబోడియావాళ్ల ఖ్మేర్ భాష మన సవరకు దూరపు చుట్టమని కూడా అక్కడే తెలుస్తుంది. మానవశాస్త్రంలో థర్‌స్టన్ 1909 నాటి ఏడు సంపుటాలు, ఒడిశా కొండల సవరలపై ఎల్విన్ 1955లో తెచ్చిన గ్రంథం అడగండి. న్యాయశాస్త్రంలో 1/70 చట్టం, 1997 నాటి సమతా తీర్పు చదవండి. మన భూమికి రక్షణ వాటిలో ఉంది.

అయితే ఒక్క మాట. వీటిలో చాలావరకు బయటివాళ్లు రాసినవే. గిడుగువారు మన మాట నేర్చుకున్నారు, థర్‌స్టన్ మనుషుల తలలు కొలిచాడు. అందుకే చదివింది ఇంటికొచ్చి తాతకు, మామ్మకు చెప్పి, నిజమేనా అని అడుగుదాం. తప్పుంటే రాసిపెడదాం. రేపు ఆ అరల్లో మన పిల్లలు రాసిన పుస్తకం కూడా ఉండాలి.

జై ఆదివాసీ!