నెత్తురూ, నక్కవాగూ

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు నా వెనక గుడ్డ మీద రాసి ఉంది. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లను మాత్రం నేను చూడలేదు. అందరికీ ఆయన 'డాక్టరు సారే'.

ఆయన ల్యాబు ఒక గది మూల. స్పిరిటు దీపం, నాలుగు గాజు గొట్టాలు. బెనెడిక్ట్ ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, రోగి ఎదుటే కాచేవారు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుకరంగుకు తిరిగిందా, ఇక సారు నోరు విప్పనక్కర్లేదు. రేపట్నుంచి బెల్లం చాయ్ మానేస్తానని రోగే అనేవాడు. ఇప్పటి అచ్చు రిపోర్టుకు ఆ బలం లేదు.

1972లో పటాన్‌చెరుకు ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వచ్చింది. ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవాడా వచ్చింది. పక్కనున్న నక్కవాగు నీటి రంగు మారింది. దురదలు, కడుపునొప్పులతో జనం వస్తే రక్తపరీక్షలన్నీ 'నార్మల్'. పరీక్ష అడిగినదానికే జవాబు చెబుతుంది మరి. హిమోగ్లోబిన్ ఎంత అంటే చెబుతుంది. బావిలో ఏముందో చెప్పదు. ఇక్కడి మట్టిలో, నీళ్లలో ఆర్సెనిక్ ఉందని తేల్చింది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రజ్ఞులు. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తూనే డాక్టర్ కిషన్‌రావుగారు ఏళ్ల తరబడి కాలుష్యంపై పోరాడారు. 1990లో గొడవ సుప్రీంకోర్టుకెక్కింది.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్ బృందం ఒక లెక్క అచ్చువేసింది. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఇక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి, శుద్ధయి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర మింగిన రోగి నెత్తురులో కూడా అంత ఉండదు.

అదే మాత్ర మేం డాక్టర్లం జ్వరాలకు రాసేవాళ్లం. టైఫాయిడా అని వైడాల్ చేయించేవాళ్లం. 1896 నాటి ఆ పరీక్ష, టైఫాయిడ్ తరచూ తగిలే మన దగ్గర, పాత జ్వరం ఆనవాలుకు కూడా పాజిటివ్ అంటుంది. క్రిమి ఏదో, దానికి ఏ మందు లొంగుతుందో చెప్పేది కల్చర్. దానికి మాత్ర పడకముందే నెత్తురు తీయాలి, రెండు మూడు రోజులైనా ఆగాలి. డ్యూటీకి పోకుంటే ఆ పూట కూలి పోయే హెల్పరు ఆగుతాడా? ముందు మాత్ర, తర్వాత వైడాల్. నేనూ అలాగే రాశాను.

2021 జూన్‌లో సంగారెడ్డిలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం తెరిచారు. అప్పట్లో 57 పరీక్షలు ఉచితం, రిపోర్టు ఫోనుకే. చాలా మంచి పని. ప్రైవేటు 'ఫుల్ బాడీ' ప్యాకేజీల మీదే నాకు అనుమానం. నార్మల్ హద్దులు నూరుమంది ఆరోగ్యవంతుల్లో తొంభై అయిదుగురిని బట్టి గీసినవి. ఏ జబ్బూ లేనివాడికైనా ఇరవై పరీక్షలు చేస్తే ఒకటి హద్దు దాటడం వింత కాదు. బ్యాటరీ పనివాడికి కావలసిన సీసం పరీక్ష మాత్రం ఆ జాబితాల్లో తరచూ కనిపించదు.

ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే చెప్పాడు, రోగిని నీ పనేమిటని కూడా అడగమని. నేను చూసిన పరీక్ష చీటీల్లో పేరుకూ, వయసుకూ గడులున్నాయి, పనికి లేదు. సారు చీటీ వెనక రాసేవారు. అలాంటిదొకటి నా దగ్గరుంది. ముందువైపు 'లివర్ టెస్ట్' అని ఉంది. వెనక, రోగి చెప్పింది చెప్పినట్టే: "కంపెనీల రియాక్టరు కడుగుత సారూ."