రిజిస్టరులో పేరు లేని పిల్ల

 

ఈ రోజు నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ఈ చుట్టుపక్కల వాళ్లే. పర్చూరు నల్లరేగడిలో ఫిబ్రవరి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మిరప కోతలు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. తల్లి చేలో, మూడేళ్ల పిల్ల గట్టు మీద మట్టిలో.

సరిగ్గా ఆ నెల 10నే జాతీయ నులిపురుగుల నివారణ దినం. 2015లో మొదలైంది. అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్లు దాటితే 400 మిల్లీగ్రాముల మాత్ర మొత్తం, ఏడాది దాటి రెండేళ్లు నిండనివాళ్లకు సగం. ఇది మీకు నోటికి వచ్చు. కానీ గట్టు మీది ఆ పిల్లకు సొంతూరి రిజిస్టరులో పేరుంది, అక్కడ పిల్ల లేదు. ఇక్కడ పిల్ల ఉంది, పేరు లేదు. ఆగస్టులో మళ్లీ మాత్రలిచ్చే విడత నాటికి వాళ్లు మళ్లీ ఊరు మారతారు. మిగిలిపోయిన పిల్లల కోసం వారం తర్వాత ఇంకో రోజు పెడతారు కదా, నా లెక్కలో అసలు పని ఆ రోజుదే. కూలీలు చేలో దిగకముందే గుడిసెల దగ్గరికి వెళ్లండి.

మాత్రను నలగ్గొట్టి నీళ్లలో కలిపి తాగించండి. ఏడుస్తున్న పిల్ల నోట్లో కుక్కితే గొంతుకు అడ్డం పడుతుంది. జ్వరంగా ఉంటే ఆ రోజు వద్దు. పురుగులు ఎక్కువగా ఉన్న బిడ్డకు కాస్త కడుపునొప్పి, వాంతి రావచ్చు. ముందే చెప్పకపోతే సాయంత్రానికల్లా "మందు వికటించిందంట" అని ఊరంతా పాకుతుంది.

తల్లులు బెల్లం తిని పురుగులు పడ్డాయంటారు. బెల్లం పాపం ఏమీ లేదు. ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి మలంతో నేల చేరి, కొన్ని వారాలకు అంటుకునే స్థితికొస్తాయి, ఏళ్ల తరబడి బతకగలవు. కొంకిపురుగు పిల్లయితే చెప్పుల్లేని పాదంలోంచే దూరి, పేగును కరిచి రక్తం తాగుతుంది.

అందుకే చేను రైతుతోనూ మాట్లాడండి. గుడిసెల పక్కన మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే నీళ్లు లేకపోతే మాత్ర వేసిన కడుపులోకే పురుగులు మళ్లీ చేరతాయి. కోతలయ్యాక పోయేవాళ్లకు ఇవన్నీ ఎందుకని విసుక్కుంటాడు. వాళ్లు పోయినా ఆ గుడ్లు ఆయన నేలలోనే ఉంటాయని, ఆయన మనవలు తిరిగేదీ ఆ గట్ల మీదేనని చెప్పండి.